సర్వీస్ కమిషన్ అంటే గవర్నమెంటేనా?

మొన్న సంక్రాంతికి కోనసీమలో మా ఊరెళ్ళాను. సాయంత్రం అరుగు మీద కూర్చుని ఉంటే మావయ్య ఉన్నట్టుండి ఓ ప్రశ్న వేశాడు. "ఒరే అబ్బాయ్, ఈ సర్వీస్ కమిషనంటే గవర్నమెంటే కదా? మరి పరీక్ష పెట్టలేదని ఒకడు గవర్నమెంటునీ, ఇంకొకడు కమిషన్నీ తిడతాడేంట్రా?"

మావయ్య కొడుకు, అంటే మా బావ, రాజమండ్రిలో గది తీసుకుని గ్రూప్-2కి చదవడం ఇది నాలుగో ఏడు. ఆ మాట వినగానే లేచి లోపలికెళ్ళిపోయాడు. నాకూ జవాబు తట్టలేదు. కాలేజీలోనే కాంపస్ ఇంటర్వ్యూ రాసి వెళ్ళిపోయిన బాపతు కదా మనం! తిరిగొచ్చాక కూర్చుని కాస్త చదివాను. తెలిసింది రాస్తున్నాను.

అసలు ఈ కమిషన్ ఎందుకొచ్చిందో తెలియాలంటే అది లేనప్పుడు ఏం జరిగేదో చూడాలి. కంపెనీ వాళ్ళ రోజుల్లో కలెక్టరు దొరకి మన భాష రాదు, మన లెక్కలు తెలియవు. కచేరీ అంతా సిరస్తదారు చేతిలో ఉండేది. ఆయన తన అన్నదమ్ముల్నీ, బావమరుదుల్నీ తెచ్చి గుమాస్తాలుగా కూర్చోబెట్టేవాడు. పక్కనున్న గుంటూరు జిల్లాలో ఈ బంధువర్గాలు పన్ను వసూళ్ళని ఎలా గుప్పిట్లో పెట్టుకున్నాయో ఫ్రైకెన్‌బర్గ్ అనే చరిత్రకారుడు 1965లో ఒక పుస్తకమే రాశాడు. చివరికి 1854లో మద్రాసు రెవెన్యూ బోర్డు కలెక్టర్లకి ఒక ఉత్తర్వు ఇచ్చింది. జిల్లాలో ఉద్యోగాలన్నీ నాలుగు పలుకుబడి గల కుటుంబాల పాలు కాకుండా చూడండి, ముఖ్యమైనవి వేర్వేరు కులాల వాళ్ళకి పంచండి అని దాని సారాంశం. ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చిందంటేనే పరిస్థితి ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

ఆ తర్వాతైనా మారిందా అంటే, మన రాజమండ్రి సంగతే చూడండి. వీరేశలింగం గారనగానే మనకి వితంతు వివాహాలు గుర్తొస్తాయి. కానీ 1874లో వివేకవర్ధని మొదలుపెట్టి ఆయన పోట్లాడిన వాటిలో కచేరీల్లో, కోర్టుల్లో లంచాలు కూడా ఉన్నాయి. వ్యవహార ధర్మబోధిని నాటకం కూడా కోర్టుల అవినీతి మీదే. ఉద్యోగం ఒకరి దయతో వస్తే ఆ దయకి ధర జనమే కట్టాలి. ఇది నూట యాభై ఏళ్ళ కిందే మన ఊళ్ళో తెలిసిన సంగతి.

1919 చట్టంతో మనవాళ్ళు మంత్రులయ్యారు. అంతవరకూ సిరస్తదారు చుట్టూ తిరిగిన సిఫారసు ఇక మంత్రి చుట్టూ తిరుగుతుందేమోనన్న అనుమానం మొదలైంది. 1924లో లీ కమిషన్ ఉద్యోగుల ఎంపికని రాజకీయాలకి దూరంగా ఉంచాలని గట్టిగా చెప్పింది. 1926లో ఢిల్లీలో కేంద్ర కమిషన్ వచ్చింది. రాష్ట్రాల్లో మొట్టమొదట చట్టం చేసుకుంది మాత్రం మన మద్రాసు ప్రెసిడెన్సీయే, 1929లో. అప్పుడు గోదావరి జిల్లాలు మద్రాసులోనే ఉన్నాయి కాబట్టి మన తాతలు దరఖాస్తు పెట్టింది ఆ కమిషన్‌కే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంతో పాటే ఆంధ్ర కమిషన్ పుట్టింది. మద్రాసు వాళ్ళ నిబంధనల ఆధారంగానే తనవీ రాసుకుంది. 1956లో హైదరాబాద్ కమిషన్‌తో కలిసి ఏపీపీఎస్సీ అయింది. 2014లో తెలంగాణకి వేరే కమిషన్ వచ్చింది.

ఇక రాజ్యాంగం. 315 నుంచి 323 దాకా అధికరణాలు దీని గురించే. ఛైర్మన్నీ సభ్యుల్నీ నియమించేది గవర్నరు, అంటే ఆచరణలో ముఖ్యమంత్రే. పదవీకాలం ఆరేళ్ళు లేదా 62 ఏళ్ళ వయసు, ఏది ముందైతే అది. కానీ ఒకసారి కూర్చున్నాక ముఖ్యమంత్రి తీసెయ్యలేడు. తప్పు చేశారని తీసెయ్యాలంటే సుప్రీంకోర్టు విచారించి చెప్పాలి, రాష్ట్రపతి ఉత్తర్వు ఇవ్వాలి. కమిషన్ ఖర్చుకి అసెంబ్లీ ఓటు అక్కర్లేదు. దిగిపోయాక మళ్ళీ ఏదో కమిషన్‌లో తప్ప ఇంకో ప్రభుత్వోద్యోగం చెయ్యకూడదు. ఇంత కట్టుదిట్టం దేనికంటే, ఎవరికీ భయపడకుండా, ఎవరి నుంచీ ఏమీ ఆశించకుండా పని చెయ్యాలని.

కాబట్టి మావయ్యా, కమిషనంటే గవర్నమెంటు కాదు. కాకూడదనే పెట్టారు.

మరి బావ ఎందుకు అలా లేచిపోయాడు? కమిషన్ చేతిలో లేనివి చూడండి. ఎన్ని ఖాళీలు, ఎప్పుడు నింపాలి అన్నది ప్రభుత్వం చెప్పాలి. 2021 జూన్‌లో ఏపీ ప్రభుత్వం 10,143 ఉద్యోగాలతో జాబ్ క్యాలెండర్ ఇచ్చింది. అందులో గ్రూప్-1, గ్రూప్-2 కలిపి 36! నిరుద్యోగులు రోడ్డెక్కారు. ఆ 36 అన్న అంకె కమిషన్ వేసింది కాదు. ఇంకోటి, ఏయే విషయాల్లో కమిషన్ని అడగక్కర్లేదో 320వ అధికరణం కిందే ప్రభుత్వం నిబంధనలు చేసుకోవచ్చు. ఉద్యోగి మీద చర్య తీసుకునే ముందు కమిషన్ని సంప్రదించకపోయినా ఆ చర్య చెల్లుతుందని 1957లోనే సుప్రీంకోర్టు మన్‌బోధన్‌లాల్ కేసులో చెప్పింది. అంటే కమిషన్ది సలహా మాత్రమే. కాదంటే ఎందుకు కాదన్నారో అసెంబ్లీకి చెప్పాలి, అంతే.

దీనికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు ప్రారంభమైంది కాకినాడ పక్కన కరపలో. 1.26 లక్షలకి పైగా ఉద్యోగాలు. జూలైలో నోటిఫికేషన్, సెప్టెంబరు మొదటివారంలో పరీక్షలు, నెలాఖరుకి నియామకాలు. నోటిఫికేషన్ ఇచ్చింది కమిషన్ కాదు, ప్రభుత్వ శాఖలే. అదే కమిషన్ 2018 చివర్లో ఇచ్చిన గ్రూప్-1 చూడండి. పోస్టులు 160 పైచిలుకు. మెయిన్స్ 2020 డిసెంబరులో జరిగితే తుది జాబితా 2022లో వచ్చింది. పేపర్లు దిద్దిన తీరు మీద గొడవ కోర్టుకెక్కి, 2024 మార్చిలో హైకోర్టు మెయిన్స్ చెల్లదంది. తర్వాత అప్పీలులో ఆ తీర్పు అమలు ఆగింది.

ఇలా చూస్తే ప్రభుత్వమే నయం అనిపిస్తుంది కదా? నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ సచివాలయం పరీక్షల్లో పేపరు ముందే బయటికొచ్చిందని ప్రతిపక్షం ఆరోపించింది, ప్రభుత్వం కాదంది. ఎవరిది నిజమో పక్కన పెట్టండి. పరీక్ష పెట్టేదీ ప్రభుత్వమే, బాగా జరిగిందని చెప్పేదీ ప్రభుత్వమే అయితే మధ్యలో పూచీ పడే మూడో మనిషి ఎవరు? మన భాషలో చెప్పాలంటే కోడ్ రాసినవాడే టెస్టింగ్ కూడా చేసి బాగుందని సంతకం పెట్టడం.

అలాగని కమిషన్ ఉంటే చాలని కూడా కాదు. 2023లో తెలంగాణ కమిషన్ ఆఫీసులోనే కంప్యూటర్లోంచి పేపర్లు బయటికెళ్ళాయి. కేసులో ప్రధాన నిందితులు అక్కడ పనిచేసేవాళ్ళే. జరిగిపోయిన గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది. ఛైర్మన్ కుర్చీకి రాజ్యాంగం వేసిన తాళం కంప్యూటర్ గదికి పనికిరాలేదు.

నాకు అర్థమైంది ఇది. రాజ్యాంగం కమిషన్లో మనుషుల్ని కాపాడింది, పరీక్షకి కూర్చునేవాడి టైముని కాపాడలేదు. ఖాళీలు ఫలానా తేదీకల్లా కమిషన్‌కి చెప్పి తీరాలని ప్రభుత్వానికీ, ఫలానా తేదీకల్లా ఫలితాలివ్వాలని కమిషన్‌కీ చట్టంలో గడువు ఉండాలి. గడువు లేని స్వతంత్రం వల్ల మూల్యం చెల్లించేది రాజమండ్రి గదుల్లో ఉన్నవాళ్ళే. ఏజ్ లిమిట్ మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

ఇదంతా ఫోన్లో మావయ్యకి చెప్తే, అంతా విని, "అయితే తప్పు ఇద్దరిదీనన్నమాట. మరి మావాడు ఎవర్ని అడగాలి?" అన్నాడు.

దానికి జవాబు నా దగ్గర లేదు. మీకు తెలిస్తే చెప్పండి.