సగం ఎత్తులో

స్టిల్‌వెల్ అవెన్యూ. ఆఖరి స్టేషను. ఇంక పట్టాలు లేవు, ముందున్నది సముద్రమే. రైలు తలుపులు తెరుచుకోగానే ఉప్పుగాలి మొహానికి కొడుతుంది. దాని వెనకే నూనెలో వేగే బంగాళాదుంపల వాసన. ఎడిసన్ ఊరి నుంచి రైళ్లు మారి మారి వచ్చారు మీరు, నడుం పట్టేసింది. మేనల్లుడికి పద్నాలుగేళ్లు. వాడికి అలసటంటే ఏమిటో తెలీదు. అప్పుడే మెట్ల కింది నుంచి కేకేస్తున్నాడు.

"రా మామయ్యా, లైను పెరిగిపోతుంది!"

2024 ఆగస్టు. న్యూయార్క్‌లో బ్రూక్లిన్‌కి దక్షిణపు కొస ఇది. కోనీ ఐలండ్. రోడ్డు దాటబోతుంటే మూల మీద నేథన్స్ కొట్టు కనిపిస్తుంది. 1916లో ఐదు సెంట్లకి హాట్ డాగ్ అమ్మి, పది సెంట్లకి అమ్మే పెద్ద హోటలు గిరాకీని లాగేసుకున్న కొట్టు. 1920లో సబ్‌వే ఇక్కడిదాకా వచ్చింది. రైలుకి ఐదు సెంట్లు, తిండికి ఐదు సెంట్లు. ఇరుకు గదుల్లో ఉడికిపోతున్న కూలి జనమంతా పిల్లల్ని చంకనేసుకుని ఆదివారం ఇక్కడ దిగిపోయేవాళ్లు. ఇప్పుడూ అంతే. మీ ముందు ఒక ముసలాయన స్పానిష్‌లో మనవరాలిని బతిమాలుతున్నాడు. పక్కన రష్యన్. వెనక బెంగాలీ. ఎక్కడో ఒక అక్క ఆ భాషలో కొడుకుని గదమాయిస్తుంటే మన అక్క గొంతులాగే ఉంది.

నడుస్తూ నడుస్తూ లోపలికి వచ్చేశారు. గేటేది? లేదు. మన ఊరి తీర్థంలోకి నడిచినట్టే లూనా పార్కులోకి నడిచారు. ఎక్కే ఆటకే టికెట్టు. ఊరికే నిలబడి చూడటానికి, సముద్రం గాలి పీల్చడానికి ఎవరూ డబ్బు అడగరు. ఇలాంటి చోటు ఇంత ఖరీదైన నగరంలో ఇంకా మిగిలి ఉండటమే నాకు ఆశ్చర్యం.

తల మీదుగా ఉరుములాంటి చప్పుడు. నేల అదిరింది. అరుపులు వచ్చి, మీ మీదుగా వెళ్లిపోయాయి.

సైక్లోన్.

ఇనప చట్రం మీద చెక్క పట్టా. 1927 జూన్ 26న మొదలైంది. ఆ రోజు టికెట్టు 25 సెంట్లు. అమెరికాలో రోలర్ కోస్టర్ల కథ మొదలైంది కూడా ఈ ఇసకలోనే, 1884లో, గంటకి ఆరు మైళ్ల వేగంతో. ఈ సైక్లోన్ 60 మైళ్లు పోతుంది. దగ్గరికి వెళ్లి స్తంభం మీద చెయ్యి పెట్టండి. పొరల మీద పొరలు వేసిన రంగు, మందంగా, మెత్తగా తగులుతుంది. ప్రతి శీతాకాలం ఉప్పుగాలి ఇనుముని తింటుంది. మనిషి గీకి, మళ్లీ రంగు వేస్తాడు. 97 ఏళ్లుగా ఇదే పని.

బండిలో మూడు పెట్టెలు, 24 మంది. ముందు కూర్చుంటారా, వెనకా? వెనకైతే ఎత్తు దాటగానే సీట్లోంచి ఎగిరిపడతారు. ముందైతే అన్నీ మీకే ముందు కనిపిస్తాయి. మీరు తేల్చుకునేలోపే మేనల్లుడు మిమ్మల్ని మొదటి వరసలోకి లాగేశాడు. ఒడి మీదికి ఇనప కడ్డీ దిగింది. వేదిక మీద ఒకాయన ఆయనంత ఎత్తున్న మీటని రెండు చేతులతో పట్టుకున్నాడు. బ్రేకు. కంప్యూటరు కాదు, మనిషి. మీట వదిలాడు.

కుదుపు. బండి కదిలింది. మలుపు తిరిగి, ఎత్తు మొదలయ్యే చోట కింద గొలుసు కొక్కేన్ని పట్టుకుంది.

టక్. టక్. టక్. టక్.

ఏమిటీ చప్పుడు? గొలుసుది కాదు. పట్టాల వెంబడే పళ్లున్న పట్టీ ఒకటి ఉంటుంది. బండి అడుగున ఉన్న ఇనప నాలుక ఒక్కో పన్ను మీదా పడుతూ పైకి పోతోంది. గొలుసు తెగినా బండిని వెనక్కి జారనివ్వనిది ఆ నాలుకే. వింటూ ఉండండి. ధైర్యంగా ఉంటుంది.

జనం బొమ్మలంతయ్యారు. గాలి చల్లబడింది. ఒకవైపు అపార్టుమెంట్లు, ఒకవైపు సముద్రం, ఇసకలో వేల గొడుగులు. పైన 85 అడుగులు. అక్కడి నుంచి కిందికి దూకే వాలు దాదాపు 58 డిగ్రీలు. నిచ్చెన గోడకి ఆనించినట్టు. మేనల్లుడు నవ్వుతున్నాడు. మీ అరచేతులు చెమటలు పట్టాయి.

టక్. టక్.

టక్.

చప్పుడు లేదు.

బండి ఆగింది.

ఎవరో నవ్వారు. ఇది కూడా ఆటలో భాగమేననుకున్నారు. మీరూ అనుకున్నారు. పది సెకన్లు. ఇరవై. గాలి చప్పుడు తప్ప ఇంకేం లేదు. కింద సంగీతం మోగుతూనే ఉంది, చాలా దూరంగా.

"మామయ్యా?"

వాడి గొంతు మారింది.

వెనక్కి చూడకండి. చూశారు. మీ వెనక మనుషులు, వాళ్ల వెనక వాలు. మీ వీపు సీటుకి అంటుకుపోయి ఉంది. బరువంతా వెనక్కే. జారితే? జారదు. నాలుక పన్నులో పడి ఉంది. మీకు తెలుసు. ఇందాకే తెలుసుకున్నారు. అయినా కడుపు వినదు.

పక్కన మెట్లున్నాయి. సన్నటి చెక్క మెట్లు, ఒక కమ్మీ. ఒక కుర్రాడు ఎక్కి వస్తున్నాడు. ఆదరాబాదరా లేదు. ఒక్కో వరస దగ్గర వంగుతున్నాడు. కడ్డీ విప్పుతున్నాడు. ఏదో మెల్లగా చెబుతున్నాడు. మీ వంతు. కడ్డీ లేచింది.

ఇంతసేపూ బంధించిందనుకున్న కడ్డీ. లేవగానే తెలిసింది, పట్టుకుని ఉన్నది అదేనని.

లేవాలి. కాలు బయట పెట్టాలి. ఏ కాలు? కుడిది. పలకల సందుల్లోంచి నేల కనిపిస్తోంది. చూడకండి. కమ్మీ పట్టుకోండి. వేడిగా ఉంది. మేనల్లుడి చెయ్యి అందుకోండి. మంచులా ఉంది.

ఒక మెట్టు.

ఇంకోటి.

గాలి చొక్కాని ఉబ్బిస్తోంది. ముందున్నావిడ ఆగింది. మీరూ ఆగారు. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. ప్రార్థన. కదిలింది. మీరూ కదిలారు.

ఇంకోటి. ఇంకోటి.

నేల.

మోకాళ్లు ఇప్పుడు వణుకుతున్నాయి. అంతా అయిపోయాక. మేనల్లుడు మీ చెయ్యి ఇంకా వదల్లేదు, వాడికి ఆ సంగతి తెలీదు. మీరూ గుర్తు చెయ్యకండి.

ఏమైందన్నది తరవాత వార్తల్లో చదువుతారు. తనిఖీకి వచ్చిన నగర అధికారులకి మోటారు గదిలో, గొలుసుని తిప్పే పళ్ల చక్రంలో చీలిక కనిపించింది. మీ సైకిల్ చెయిన్ తిరిగే చక్రం లాంటిదే, కాకపోతే చాలా పెద్దది. మరమ్మతు అయ్యేదాకా సైక్లోన్ మూత. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ఇంటికెళ్లిపోదామా? ఇంకాసేపు ఉందామా? వాడు సముద్రం వైపు చూశాడు. పదండి, చెక్కబాట మీదికి. కాళ్లు కూడదీసుకోవాలి.

పడమటివైపు దూరంగా ఎర్రటి ఉక్కు పువ్వులాంటిది నిలబడి ఉంది. 250 అడుగుల పారాచూట్ జంప్. 1939 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టి, తరవాత ఇక్కడికి తెచ్చారు. నగరం దాన్ని చారిత్రక కట్టడమని ప్రకటించింది. రాత్రి దీపాలు పెడతారు. కానీ 1960ల తరవాత దాని మీంచి ఒక్క మనిషీ దిగలేదు. కట్టడాన్ని కాపాడటం వేరు, ఆటని కాపాడటం వేరు. దాన్ని చూస్తే నాకు ప్రతిసారీ గుండె కలుక్కుమంటుంది.

దాని చుట్టూ ఒకప్పుడు స్టీపుల్‌చేజ్ పార్కు ఉండేది. 1964లో మూసేశారు. ఫ్రెడ్ ట్రంప్ అనే బిల్డరు కొన్నాడు, అపార్టుమెంట్లు కడదామని. 1966లో కూల్చేముందు విందు పెట్టి, వచ్చిన అతిథుల చేతికి ఇటుకలిచ్చి అద్దాల గోడ పగలగొట్టించాడు. అపార్టుమెంట్లకి అనుమతి రాలేదు. పార్కు మాత్రం పోయింది.

మీరిప్పుడు దిగివచ్చిన సైక్లోన్‌కీ ఆ గతే పట్టేది. 1970ల మొదట్లో పక్కనున్న అక్వేరియం విస్తరణ కోసం దాన్ని పడగొడదామన్నారు. జనం అడ్డుపడ్డారు. అప్పటి ఆస్ట్రోలాండ్ పార్కు వాళ్లు లీజుకి తీసుకుని, బాగుచేసి, 1975 జూలై 3న మళ్లీ తిప్పారు. చివరికి ఆస్ట్రోలాండే పోయింది. 2006లో దాని నేలని థోర్ ఈక్విటీస్ అనే రియల్ ఎస్టేట్ సంస్థ కొంది. 2008 సెప్టెంబరు 7 రాత్రి దీపాలు ఆర్పేశారు. మరుసటి ఏడాది నగరమే దాదాపు 9 కోట్ల 56 లక్షల డాలర్లు పెట్టి కొంత నేల వెనక్కి కొన్నది. ఆ నేల మీదే 2010లో ఇప్పటి లూనా పార్కు లేచింది. అంటే మీరు ఇందాక గేటు లేకుండా నడిచి వచ్చారే, ఆ స్వేచ్ఛకి నగరం కట్టిన వెల అది.

2012లో శాండీ తుపాను సముద్రాన్ని తెచ్చి ఈ యంత్రాలన్నిటినీ ఉప్పునీట ముంచింది. 2020లో కోవిడ్, మొత్తం సీజను మూత. సంపాదనంతా దాదాపు వసంతం నుంచి అక్టోబరు దాకానే. వరసగా నాలుగు శనివారాలు వాన పడితే నష్టం తీరదు. ఇక్కడ బతుకు అలాంటిది.

గోడ మీద కాగితం అంటించి ఉంది. క్యాసినో వద్దని. థోర్ ఈక్విటీసే ముందుండి, 300 కోట్ల డాలర్లతో ఇక్కడ క్యాసినో, హోటలు కడతామంటోంది. ఉద్యోగాలొస్తాయి, శీతాకాలంలోనూ జనం వస్తారంటున్నారు. ఆ మాట కొట్టిపారేయలేం, ఇక్కడ పని కావాల్సినవాళ్లు చాలామంది. కానీ పిల్లల్ని చంకనేసుకుని వచ్చేవాళ్లకి అందులో చోటెక్కడ? 2025 సెప్టెంబరులో స్థానిక సలహా కమిటీ ఆ ప్రతిపాదనని తోసిపుచ్చుతుంది. ఈ సాయంత్రం మీకా సంగతి తెలీదు. కాగితం అంచు గాలికి టపటపలాడుతోంది.

"ఇంకొక్కటి ఎక్కుదాం మామయ్యా."

వాడే అన్నాడు. ఎదురుగా వండర్ వీల్. 1920 నాటిది, 150 అడుగులు. హాట్ డాగ్‌లు అమ్ముకునే డీనోస్ వౌర్డెరిస్ అనే గ్రీకు వలసదారు 1983లో దీన్ని కొన్నాడు. ఇప్పటికీ ఆయన కుటుంబమే నడుపుతోంది. ఆగిపోతే? ఇప్పుడు మీకా అనుమానం రాక మానదు. ఒకసారి ఆగింది. 1977 జూలైలో ఊరంతా కరెంటు పోయిన రాత్రి. ఇంత చక్రాన్నీ చేత్తో తిప్పి, జనాన్ని దింపారు.

రెండు లైన్లు. ఎరుపు, నీలం పెట్టెలు పట్టా మీద జారి ఊగుతాయి. తెల్లవి కదలవు. మీరు వాడి మొహం చూశారు.

"తెల్లది," అన్నాడు, ఎటో చూస్తూ.

పెట్టె తలుపు గొళ్లెం పడింది. నెమ్మదిగా లేస్తున్నారు. పొద్దు వాలింది. నీళ్లు ఇత్తడి రంగులోకి తిరిగాయి. కింద లూనా పార్కు దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. చక్రం పైకొసన ఆగింది, కింద ఎవరినో ఎక్కించుకుంటున్నారు. మీ చెయ్యి మళ్లీ కమ్మీని వెతికింది.

"అదిగో మన బండి," అన్నాడు వాడు.

సైక్లోన్ మొదటి ఎత్తులో, సగంలో, ఖాళీ బండి అలాగే ఉంది. దాని కింది మెట్ల మీద రెండు టార్చిలైట్లు పైకెక్కుతున్నాయి. ఒకటి ఆగింది. కిందికి వంగి, చాలాసేపు అక్కడే ఉంది.