కత్తి సినిమానా, కంటతడి సినిమానా?

ఒకే ఇంట్లో, ఒకే గిన్నెలో వండింది తినేవాళ్ళయినా సినిమా దగ్గరకొచ్చేసరికి ఎవరి రుచి వారిదే. మనవడికి ఆకాశంలో ఎగిరే వీరుడు కావాలి. వాడు ప్రపంచాన్ని కాపాడితే తప్ప టిక్కెట్టు డబ్బు గిట్టినట్టుండదు. కోడలికి కాస్త ప్రేమా, కాస్త నవ్వూ వుంటే చాలు. మామగారికి హత్య జరగాలి, హంతకుడెవరో చివరిదాకా తెలియకూడదు. అత్తగారేమో "ఆ కొట్టుకోవటాలు నేను చూడలేనమ్మా, సంసారపక్షంగా వుండే బొమ్మ ఏదన్నా పెట్టండి" అంటారు. ఈ తగువు ఇంగ్లీషు సూపర్ హీరోలు వచ్చాక పుట్టిందనుకుంటాం. కానీ దీనికి మన తెలుగు టాకీకి వున్నంత వయసుంది.

మొట్టమొదట్లో మాత్రం పేచీ లేదు. 1932లో వచ్చిన హెచ్.ఎం. రెడ్డిగారి 'భక్త ప్రహ్లాద' మొదలు కొన్నేళ్ళపాటు తెలుగు తెరమీద దేవుళ్ళదే రాజ్యం. సినిమాకి వెళ్ళటమంటే హరికథకి వెళ్ళినట్టే. ఇంట్లో పెద్దవాళ్ళు కాదనటానికి వీల్లేదు. ఆ తర్వాత సాంఘికాలు వచ్చాయి. 1938లో గూడవల్లి రామబ్రహ్మంగారి 'మాలపిల్ల', మరుసటి ఏడు కట్నాల దురాచారం మీద 'వరవిక్రయం'. కాళ్ళకూరి నారాయణరావుగారి నాటకమే అది. భానుమతిగారు తెరమీద మొదటిసారి కనిపించింది అందులోనే. దాన్ని తీసినవారు సి. పుల్లయ్యగారు. సంఘసంస్కరణ బొమ్మ తీసిన ఆ పుల్లయ్యగారే 1942లో జెమినీ వాసన్ గారికి ఏం తీసిపెట్టారో తెలుసా? 'బాలనాగమ్మ'! మంత్రాలూ మాయలూ నిండిన జానపదం. కాంచనమాలగారు కథానాయిక. జనం విరగబడి చూశారు.

ఈ 'బాలనాగమ్మ' దగ్గర కాస్సేపు ఆగుదాం. బుర్రకథల పుణ్యమా అని పల్లెపల్లెకీ నోటికొచ్చిన కథే అది. మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో వుంటుందని మనం కూడా పిల్లలకి చెప్పి అన్నం తినిపించాం. పైకి చూస్తే పిల్లల కథ. కానీ లోపల వున్నదేమిటి? పసిబిడ్డను ఉయ్యాల్లో వదిలి పరాయివాడి చెరలో పడిన ఇల్లాలు. వ్రతమనే నెపంతో ఏళ్ళ తరబడి వాణ్ణి దూరంగా నిలబెట్టిన ఇల్లాలు. కత్తులు కట్టుకుని ఆమెను విడిపించటానికి వెళ్ళిన మొగుడూ బావలూ ఏమయ్యారు? రాళ్ళయిపోయారు! కథలో మగవాళ్ళంతా రాళ్ళయి పడివుంటే, బిడ్డ పెరిగి పెద్దవాడై వచ్చేదాకా కథని మోసింది ఆడది. మరి దీన్ని మగపిల్లల సినిమా అందామా, ఆడవాళ్ళ సినిమా అందామా? 1959లో అంజలీదేవిగారితో మళ్ళీ తీశారంటే ఊరికే తీయలేదు.

అభిరుచుల్లో ఎక్కువ తక్కువలు వచ్చింది బొమ్మనిబట్టి కాదు, హాల్లో కూచున్న చోటునిబట్టి అని నా అనుమానం. ఆ రోజుల్లో హాలంటే నేల, బెంచీ, కుర్చీ. చాలాచోట్ల ఆడవాళ్ళకి వేరే భాగం, మధ్య చెక్క అడ్డమో గుడ్డ తెరో. నేలమీద కూచున్నవాళ్ళు కత్తియుద్ధానికి ఈలవేస్తే అది 'నేలక్లాసు బొమ్మ'. అడ్డానికి ఇవతల మనవాళ్ళు పమిట చెంగుతో కళ్ళొత్తుకుంటే అది 'ఏడుపుగొట్టు బొమ్మ'. ఈ రెండు మాటలూ అన్నది కుర్చీల్లో కూచున్నవారే! అదే కుర్చీలో కూచున్న పెద్దమనిషి 1953లో 'దేవదాసు' చూసి గుడ్ల నీళ్ళు కుక్కుకుంటే మాత్రం దాన్ని కళ అన్నారు.

అన్నట్టు ఆ దేవదాసు ఎవరనుకున్నారు? అంతకు నాలుగేళ్ళ ముందు 'కీలుగుర్రం' ఎక్కి ఎగిరిన అక్కినేని నాగేశ్వరరావుగారే. 'బాలరాజు', 'స్వప్నసుందరి', 'మాయలమారి' అన్నీ జానపదాలే. కత్తి పట్టిన చెయ్యి సీసా పట్టగలదా అని అనుమానపడినవారికి ఆయన తెరమీదే జవాబు చెప్పారు.

విజయావారి సంగతి ఇంకా విచిత్రం. 1947లో పిల్లల కోసం 'చందమామ' పెట్టిన నాగిరెడ్డి, చక్రపాణిగార్లే సినిమాలకి దిగారు. ఈ చక్రపాణిగారే శరత్ బాబు నవలల్ని మనకి తెలుగులో చదివించినవారు. అంటే ఒక జేబులో రాక్షసులూ, రెండో జేబులో బెంగాలీ వదినలూ అన్నమాట. 1950లో వాళ్ళ మొదటి సినిమా 'షావుకారు' అచ్చమైన సాంఘికం. ఇరుగుపొరుగు ఇళ్ళ తగాదా కథ. మంచి పేరొచ్చింది గానీ పెట్టెలో డబ్బు రాలలేదు. మరుసటి ఏడు కె.వి. రెడ్డిగారి చేత 'పాతాళభైరవి' తీయించారు. తోటరాముడు, నేపాళ మాంత్రికుడు, కోరిందల్లా ఇచ్చే బొమ్మ. ఆ దెబ్బకి విజయా నిలబడింది. ఆ నిలబాటుతోనే 'పెళ్ళి చేసి చూడు', 'మిస్సమ్మ' వచ్చాయి. మీకు 'మిస్సమ్మ' ఇష్టమైతే నేపాళ మాంత్రికుడికి ఒక దణ్ణం పెట్టుకోవాల్సిందే!

ఇక విఠలాచార్యగారి రోజులు. కన్నడదేశం నుంచి వచ్చిన ఆయన తెలుగులో సాంఘికంతో మొదలుపెట్టి, తర్వాత జానపదాలకి పెట్టింది పేరయ్యారు. తక్కువ రోజులు, తక్కువ ఖర్చు. ఎవరన్నా నటులు మొరాయిస్తే వాళ్ళ పాత్రని చిలకగానో మేకగానో మార్చి షూటింగు కానిచ్చేవారని చిత్రసీమలో కథలు కథలుగా చెప్పుకుంటారు. రామారావుగారితో 'బందిపోటు', 'అగ్గిపిడుగు'; కత్తి కాంతారావుగారితో 'గురువును మించిన శిష్యుడు', 'జ్వాలాద్వీప రహస్యం'. పత్రికలవాళ్ళు చిన్నచూపు చూసినా హాళ్ళు మాత్రం నిండాయి.

వాటిల్లో 1965లో వచ్చిన 'మంగమ్మ శపథం' నాకు ప్రత్యేకం. తనను అవమానించిన రాజునే పెళ్ళాడి, వాడివల్లే కొడుకుని కని, ఆ కొడుకు చేతనే వాడికి బుద్ధి చెప్పిస్తానని జమునగారి మంగమ్మ పంతం పడుతుంది. కథంతా ఆ పంతం చుట్టూనే తిరుగుతుంది. 1978లో ఆయనే తీసిన 'జగన్మోహిని' దయ్యాల సినిమా. అందులో జడిసిపోయిన మొగుణ్ణి వెనకేసుకుని అమ్మవారి మీద నమ్మకంతో దయ్యాన్ని ఎదిరించింది ఇంటి ఇల్లాలు. ట్రిక్కుల కోసం పిల్లలు వెళ్ళారు, అందం కోసం మగవాళ్ళు వెళ్ళారు. ఆడవాళ్ళు ఎందుకు వెళ్ళారో ఎవరూ అడగలేదు.

1971 సంవత్సరం చూడండి. ఆగస్టులో కృష్ణగారి 'మోసగాళ్ళకు మోసగాడు' విడుదలైంది. గుర్రం, టోపీ, తుపాకీ, రాజస్థాన్ ఎడారి. తెలుగులో మొదటి కౌబాయ్ సినిమా. కుర్రకారు వెర్రెక్కిపోయారు. నెల తిరక్కుండా సెప్టెంబరులో 'ప్రేమనగర్' వచ్చింది. కోడూరి కౌసల్యాదేవిగారి నవల. అప్పటికి నష్టాల్లో వున్న నిర్మాత రామానాయుడుగారిని ఒడ్డున పడేసింది ఆ నవలే. అన్నాదమ్ములు అటు, అక్కాచెల్లెళ్ళు ఇటు. ఒక్క నెలలో ఇంటిని రెండుగా చీల్చిన సినిమాలవి!

ఆ 'ఇటు' పక్షం తక్కువదేం కాదు. పత్రికల్లో సీరియల్ గా చదివి, చిరిగిన కాగితాలు కుట్టుకుని దాచుకుని, వంటింట్లో పోపు మాడుతున్నా పట్టించుకోని ఆడవాళ్ళు ఆ నవలల్ని నిలబెడితే సినిమావాళ్ళు వాటి వెంట పడ్డారు. కౌసల్యాదేవిగారి 'చక్రభ్రమణం' 'డాక్టర్ చక్రవర్తి' అయి 1964లో తొలి నంది బహుమతి తెచ్చుకుంది. యద్దనపూడి సులోచనారాణిగారి 'జీవన తరంగాలు', 'మీనా', 'సెక్రటరీ', రంగనాయకమ్మగారి 'బలిపీఠం'. ఆడవాళ్ళ చదువు సినిమా పరిశ్రమకి తిండి పెట్టిన కాలం అది. 'ఏడుపుగొట్టు' అన్నవారు ఆ లెక్క చూసుకోలేదు. ఇంకో వింత: 'మోసగాళ్ళకు మోసగాడు'లో కథానాయిక విజయనిర్మలగారే 1973లో 'మీనా'కి దర్శకత్వం వహించారు. తెలుగులో ఆమె దర్శకత్వానికి అదే తొలి మెట్టు. తుపాకీల సినిమాలో నటించిన మనిషికి మీనా మనసు తెలియలేదా?

సూపర్ హీరో కూడా మనకి కొత్త చుట్టం కాదు. అమెరికావారి 'సూపర్ మాన్' 1978లో వస్తే, 1980కల్లా రామారావుగారు తెలుగు 'సూపర్ మాన్' అయ్యారు. అమెరికావాడికి బలం వేరే గ్రహం నుంచి వస్తే మనవాడికి ఆంజనేయస్వామి ఇచ్చాడు. 2024లో వచ్చిన 'హనుమాన్'లోనూ ఇచ్చింది ఆయనే. అయితే ఆ కుర్రాణ్ణి పెంచి పెద్దచేసి, వాడికోసం నిలబడింది ఒక అక్క. ఆ అక్క లేకపోతే అత్తగారు అర్ధగంటకే లేచి వచ్చేసేవారు.

'బాహుబలి' సంగతే తీసుకోండి. 2015, 2017లలో రెండు భాగాలుగా వచ్చింది. దాని యుద్ధాల గురించీ, ఖర్చు గురించీ లోకమంతా మాట్లాడింది. కానీ కథ? పాతికేళ్ళు గొలుసులతో బంధించిన దేవసేన. దూరంగా పెరిగి, తల్లిని విడిపించటానికి వచ్చిన కొడుకు. ఎక్కడో విన్నట్టు లేదూ? 1942లో మన అమ్మమ్మలు చూసిన బాలనాగమ్మే! 2009లో 'అరుంధతి'కి ఇళ్ళకి తాళాలేసి వెళ్ళిన జనం కూడా వెళ్ళింది గ్రాఫిక్సు చూడటానికి మాత్రమే అంటే నేను నమ్మను.

2019లో 'అవెంజర్స్: ఎండ్ గేమ్' మన ఊళ్ళల్లో తెలుగు మాటలతో ఆడింది. అదే ఏడు పేరుమోసిన హాలీవుడ్ దర్శకుడు మార్టిన్ స్కోర్సీసీ, ఆ మార్వెల్ బొమ్మలు తన లెక్కలో సినిమాలే కావనీ, వినోదాల పార్కుల్లాంటివనీ అన్నారు. దేశదేశాల కుర్రాళ్ళు భగ్గుమన్నారు. నాకు విఠలాచార్యగారు గుర్తొచ్చారు. కుర్చీలోంచి నేలని చూసే చూపు ఏ దేశంలోనైనా ఒకటే కాబోలు. అయినా స్కోర్సీసీగారి బాధలో కొంత నిజం లేకపోలేదు. హాళ్ళన్నీ ఒకే రకం బొమ్మలకి పోతే రెండో రకానికి చోటుండదు. 1971లో మన ఊరి రెండు హాళ్ళల్లో రెండూ ఆడాయి గనకే అన్నాచెల్లెళ్ళు పోట్లాడుకోగలిగారు.

ఇప్పుడు ఇంట్లో ఆ పోట్లాట కూడా లేదు. నలుగురూ నాలుగు ఫోన్లు పట్టుకుని నాలుగు గదుల్లో వుంటున్నారు. ఒకే టిక్కెట్టు మీద నలుగురికీ నచ్చేలా తీయవలసిన అవసరం సినిమావాళ్ళకీ తగ్గిపోయింది. ఆ అవసరం గట్టిగా వున్న రోజుల్లో, 1957లో, కె.వి. రెడ్డిగారు 'మాయాబజార్' తీశారు. ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు ఎగిరే చోటు పిల్లలది. కానీ ఆ మాయలన్నిటికీ కారణమేమిటి? పాండవులు రాజ్యం పోగొట్టుకోగానే బలరాముడూ రేవతీ మాట తప్పి, కలిగినవాళ్ళ సంబంధానికి ఒప్పుకున్నారు. పుట్టింట్లో సుభద్రకి చిన్నతనమైంది. పేదరికం వచ్చిన ఆడపడుచు సంగతి అది. 2010లో ఆ సినిమాకి రంగులద్ది మళ్ళీ హాళ్ళకి పంపితే, మనవలూ బామ్మలూ పక్కపక్కనే కూచుని చూశారు.