మాట వెనుక కథ: తుపాకి
వరంగల్ కాశిబుగ్గ చౌరస్తాలో రాజకీయ ముచ్చట నడిస్తే ‘వాడో తుపాకి రాముడు’ అనే మాట దొర్లాల్సిందే. కోతలరాయుడని తిట్టు. నిజానికి అది ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకితో వచ్చి దొరలనూ అధికార్లనూ ఎగతాళి చేసే పిట్టలదొరకు మరో పేరు. చిత్రమేమంటే, తుపాకికి మూలమైన తుర్కీ ‘తుఫెక్’ కూడా మొదట్లో పిట్టలను కొట్టే ఊదుడు గొట్టమే. మందుగుండు వచ్చాక ఆ పేరు దాన్ని పేల్చే ఆయుధానికి అంటుకుంది. మన ‘బందూకు’ అరబ్బీ ‘బుందుక్’ నుంచి వచ్చింది; ముందు ఒక గింజ పేరు, ఆపై గుండు. ‘భర్మారు’ అంటే మందు కూరి పేల్చేది. తెలంగాణ రైతాంగ పోరాటంలో దళాలు మోసిన వాటిలో ఇదొకటి. 1948 సెప్టెంబరులో నిజాం రాజ్యంపై భారత సైనిక చర్య తర్వాత ఆయుధాలు దించాలా వద్దా అని పోరాటం నడిపిన కమ్యూనిస్టు పార్టీలో పెద్ద తగాదా. దించితే దొరలు మళ్లీ వచ్చి భూములు గుంజుకుంటారని భయం. చివరికి 1951 అక్టోబరులో పోరాటం ఆపారు. ఆయుధం హక్కా కాదా అన్న చర్చ అంతకుముందే ఉంది. 1931 కరాచీ కాంగ్రెస్ మహాసభ, నిబంధనలకు లోబడి ఆయుధం పట్టడం పౌరుడి హక్కేనంది. 1948 డిసెంబరులో దాన్ని రాజ్యాంగంలో చేర్చాలని రాజ్యాంగ సభలో కామత్ సవరణ తెస్తే అంబేద్కర్ ఒప్పుకోలేదు. 1959 ఆయుధాల చట్టం లైసెన్సును తప్పనిసరిగానే ఉంచింది. ఇప్పుడు తుపాకి హోదాకు గుర్తు; దాన్ని పట్టుకుని వెంట నడిచే అంగరక్షకులను పత్రికల్లో ‘ఒక గన్‌మెన్’, ‘ఇద్దరు గన్‌మెన్లు’ అని రాస్తూ, ఇంగ్లిష్ బహువచనాన్ని ఏకవచనంగా వాడి దానికే మన ‘లు’ తగిలిస్తున్నాం.