పటేల్ షాట్, సంఘం షాట్: మా జిల్లాలో టీవీ కథ

మనలో చాలామందికి రోజుకి మూడు నాలుగు వీడియో కాల్స్ తప్పవు కదా. ఎప్పుడైనా గమనించారా? లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని మాట్లాడేవాడి గడ్డం, ముక్కుపుటాలు, నెత్తిమీద తిరిగే ఫ్యాను కనబడతాయి. పెద్ద మానిటర్ పైన కెమెరా తగిలించుకున్నవాడు తల కాస్త ఎత్తి మనకేదో విన్నవించుకుంటున్నట్టు ఉంటాడు. కళ్ళకి సరిగ్గా ఎదురుగా కెమెరా పెట్టుకున్నవాడితో మాట్లాడితే మాత్రం ఎదురెదురుగా కూర్చుని టీ తాగుతున్నట్టుంటుంది. మనిషి అదే, మాట అదే. మారింది కెమెరా ఎత్తు ఒక్కటే.

టీవీ ప్రొడక్షన్ నేర్చుకునేవాళ్ళకి మొదట్లోనే చెప్పే పాఠాల్లో ఇదొకటి. ఈ పాఠానికి మా ప్రాంతంలో ఓ చరిత్ర ఉంది. మాది నారాయణఖేడ్. ("అదెక్కడ?" అని అడిగేవాళ్ళ కోసం: ఒకప్పుడు మెదక్ జిల్లా, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. ఒకవైపు కర్ణాటక, ఇంకాస్త పోతే మహారాష్ట్ర. మా సంతలో తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ అన్నీ వినబడతాయి.) ఇంటర్నెట్ సంగతి పక్కన పెట్టండి, దేశంలో చాలా పట్టణాలకి కూడా టీవీ లేని రోజుల్లోనే మెదక్ జిల్లా పల్లెల్లో టీవీ మోగింది. అది కూడా నేరుగా ఉపగ్రహం నుంచి!

దాని పేరు సైట్. (ప్లాట్లు అమ్మే సైట్ కాదు, మనవాళ్ళు కలలు గనే ఆన్‌సైట్ అసలే కాదు.) శాటిలైట్ ఇన్‌స్ట్రక్షనల్ టెలివిజన్ ఎక్స్‌పెరిమెంట్. 1969లో మన అణుశక్తి శాఖకీ నాసాకీ ఒప్పందం కుదిరింది. దీనికోసం కలగన్న విక్రం సారాభాయ్ 1971 చివర్లోనే చనిపోయారు. నాసా 1974 మే 30న ఏటీఎస్-6 అనే ఉపగ్రహాన్ని ప్రయోగించి, మరుసటేడు దాన్ని తూర్పు ఆఫ్రికా పైకి జరిపి మనకి ఏడాదిపాటు వాడుకోనిచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు ఆరు రాష్ట్రాల్లో, ఇరవై జిల్లాల్లో, సుమారు 2,400 పల్లెల్లో టీవీలు పెట్టారు. ఆంధ్రప్రదేశ్ నుంచి నాలుగు జిల్లాలు: హైదరాబాద్, మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు. పక్కనే కర్ణాటకలో గుల్బర్గా, రాయచూర్, బీజాపూర్. అంటే మాకు ఇటూ అటూ కూడా అదే ప్రయోగం.

ఆ టీవీలు తయారుచేసింది మన హైదరాబాద్ ఈసీఐఎల్. యాంటెన్నా సుమారు పదడుగుల గొడుగు, కోళ్ళ గూళ్ళకి వాడే లాంటి ఇనుప జాలీతో చేసింది. అంత చవకరకం జాలీతో ఎలా పనిచేసిందంటే, ఉపగ్రహం వైపు యాంటెన్నా ముప్పై అడుగులది. అంతరిక్షంలోకి వెళ్ళాక పూవులా విచ్చుకునేది. పైనుంచి సిగ్నల్ గట్టిగా వస్తుంది కాబట్టి కింద జాలీ సరిపోయింది. బరువంతా సర్వర్ మీద వేసి క్లయింట్‌ని తేలిగ్గా ఉంచడం మనకి తెలిసిన విద్యే కదా!

హార్డ్‌వేర్ కథ చాలామంది రాశారు. నాకు ఆసక్తి కలిగించేది ఆ టీవీలో కనబడే బొమ్మ ఎక్కడ తయారయ్యేది అన్నది. కార్యక్రమాల బాధ్యత చాలావరకు ఆకాశవాణిది (దూరదర్శన్ దాన్నుంచి విడిపోయింది 1976 ఏప్రిల్ 1న, అంటే ప్రయోగం మధ్యలో). ఢిల్లీ, కటక్, హైదరాబాద్‌లలో ప్రొడక్షన్ కేంద్రాలు పెట్టారు. హైదరాబాద్‌లో రికార్డయిన టేపు నేరుగా మెదక్ రాదు. ముందు ఉపగ్రహానికి సిగ్నల్ పంపే కేంద్రానికి చేరాలి. ప్రధాన కేంద్రం అహ్మదాబాద్‌లో ఉండేది. అక్కడినుంచి భూమికి 36 వేల కిలోమీటర్ల పైకి వెళ్ళి, మళ్ళీ మా జిల్లాలో దిగేది. హైదరాబాద్‌కి బస్సులో పొద్దున పోయి రాత్రికి వచ్చే ఊళ్ళకి ఇంత తిరుగుడు!

ఇప్పుడు స్టూడియో లోపలికి వెళ్దాం. ఆ కాలపు స్టూడియో అంటే మూడు కెమెరాలు అనుకోండి. మధ్యలోది అందరినీ కలిపి చూపిస్తుంది, అటూ ఇటూ ఉన్నవి దగ్గరి ముఖాలు పడతాయి. అద్దం వెనక కంట్రోల్ రూమ్‌లో ప్రొడ్యూసర్ కూర్చుని మూడు బొమ్మలూ ఒకేసారి చూస్తూ "రెండు... కట్... ఒకటి" అంటూ ఉంటాడు. పక్కన విజన్ మిక్సర్ మీద ఉన్నతను ఆ బటన్ నొక్కుతాడు. ప్రొడ్యూసర్ మాట కెమెరామెన్‌కి, ఫ్లోర్ మేనేజర్‌కి చెవుల్లో వినిపిస్తుంది. దాన్ని టాక్‌బ్యాక్ అంటారు. ఫ్లోర్ మేనేజర్ నోరు తెరవకుండా చేతి సైగలతో "ఇంక ఒక్క నిమిషం" అని చెప్తాడు. లైట్లు కనీసం మూడు: ఎదురుగా పక్కకి ఒక గట్టిది, దాని నీడలు తగ్గించడానికి ఇంకోవైపు మెత్తటిది, జుట్టూ భుజాలూ వెనక గోడ నుంచి విడిగా కనబడటానికి వెనకనుంచి ఒకటి. ఇంకో నియమం, మాట్లాడే ఇద్దరి మధ్య ఒక ఊహాగీత గీసుకుని కెమెరాలన్నీ దానికి ఒకవైపే ఉంచాలి. దాటితే ఎదురెదురుగా మాట్లాడుకునేవాళ్ళు ఒకే దిక్కుకి చూస్తున్నట్టు కనబడతారు.

ఆ రోజుల్లో టేపు ఎడిటింగ్ పెద్ద తలనొప్పి. అందుకే వీలైనంతవరకు నాటకంలా మొదటినుంచి చివరిదాకా ఒకే ఊపులో రికార్డు చేసేవాళ్ళు. ప్రొడక్షన్ సర్వర్ మీద నేరుగా కోడ్ రాయడం లాంటిదన్నమాట, వెనక్కి పోవడానికి బటన్ లేదు. పైగా గడియారం. రోజుకి ప్రసారం నాలుగు గంటలు: పొద్దున గంటన్నర బడిపిల్లలకి, సాయంత్రం రెండున్నర గంటలు ఊరందరికీ. పొద్దుటి గంటన్నరని హిందీ, ఒరియా, తెలుగు, కన్నడ పంచుకోవాలి. అంటే మన పిల్లల వాటా ఇరవై రెండున్నర నిమిషాలు.

ఏటీఎస్-6కి ఇంకో విశేషం ఉంది. ఒకే బొమ్మతో పాటు రెండు వేర్వేరు శబ్దాలు పంపగలదు. బొమ్మ ఒకటే, మాట తెలుగులోనూ కన్నడంలోనూ. టెక్నాలజీగా అద్భుతం, మాలాంటి సరిహద్దు ఊళ్ళకైతే మరీను. కానీ నాకొచ్చే ప్రశ్న వేరే. రెండు భాషలకి దారి దొరికింది సరే, ఒక భాషలో ఉన్న నాలుగు యాసల సంగతేంటి? కర్నూలు మాట, పాలమూరు మాట, మెతుకుసీమ మాట ఒకటి కాదు. స్టూడియోలో కూర్చున్నాయన పుస్తకాల తెలుగులో ఎరువుల గురించి చెప్తుంటే మా తాతల తరం ఏమనుకుని ఉంటుంది? మర్యాదగా విని ఉంటుంది, పట్నం నుంచి వచ్చిన ఆఫీసర్ మాట విన్నట్టు.

సైట్‌ని తిట్టడం నా ఉద్దేశం కాదు. ఆ పనిచేసినవాళ్ళు గొప్పవాళ్ళు. ఊళ్ళలో జనం ఏమనుకుంటున్నారో తెలుసుకోవడానికి సామాజిక శాస్త్రవేత్తల్ని పంపారు, కొందరైతే పల్లెల్లోనే మకాం పెట్టారు. మనం ఇప్పుడు యూజర్ రీసెర్చ్ అని గొప్పగా చెప్పుకునేది వాళ్ళు 1975లో చేశారు. కానీ టాక్‌బ్యాక్ ఎవరికుందో చూడండి. ప్రొడ్యూసర్‌కీ కెమెరామెన్‌కీ మధ్య ఉంది. చూసేవాడి నుంచి స్టూడియోకి లేదు. ఊరివాళ్ళు చూడొచ్చు, చూపించలేరు. ఏడాది గడువు అయిపోగానే ఉపగ్రహం నాసాతో వెనక్కి వెళ్ళిపోయింది. 1977 అక్టోబర్ 23న హైదరాబాద్ దూరదర్శన్ ప్రసారాలు మొదలయ్యాయి, కథ ట్రాన్స్‌మిటర్ల మీదికి మళ్ళింది.

అసలు మలుపు ఇక్కడుంది. సైట్ రోజుల్లో కార్యక్రమాలు తీసినవాళ్ళలో పి.వి. సతీష్ గారొకరు. పుట్టింది మైసూరులో, దూరదర్శన్‌లో ఏళ్ళ తరబడి ప్రొడ్యూసర్‌గా పల్లెల మీద కార్యక్రమాలు చేశారు. ఆయనా ఇంకొందరూ కలిసి 1980లలో మా పక్క జహీరాబాద్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలుపెట్టారు. కేంద్రం పస్తాపూర్. ఊరూరా దళిత ఆడవాళ్ళ సంఘాలు, జొన్నలు, కొర్రలు, విత్తనాల దాపు... ఇవి చాలామందికి తెలిసిన సంగతులే. 1990ల చివర్లో ఆ సంఘాల ఆడవాళ్ళకి, వాళ్ళలో చాలామందికి చదువు రాదు, వీడియో కెమెరా ఇచ్చి నేర్పించారు.

స్టూడియో పాఠాలు వాళ్ళకీ చెప్పారు. హై యాంగిల్, లో యాంగిల్, ఐ లెవెల్. ఆ ఇంగ్లిష్ పేర్లు వాళ్ళకి ఎందుకు? సొంత పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్, ఎందుకంటే దొర తమని ఎప్పుడూ అలాగే చూశాడు కాబట్టి. కిందనుంచి పైకి చూసేది బానిస చూపు, పటేల్ ముందు నిలబడ్డ తమ చూపు. కళ్ళకి కళ్ళు ఎదురుగా ఉండేది సంఘం షాట్, సంఘంలో అందరూ సమానంగా నేలమీద కూర్చుంటారు కాబట్టి.

నాకు ఇది చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. మనం ఏ టెక్స్ట్‌బుక్‌లో చదివినా "లో యాంగిల్ వల్ల మనిషి శక్తిమంతుడిగా కనబడతాడు" అని ఉంటుంది. అంతే, ఎవరు చూస్తున్నారన్నది ఉండదు. వీళ్ళు ఒక్క మాటతో కెమెరా వెనక ఉన్న మనిషిని కూడా ఫ్రేములోకి లాగారు.

అక్కడితో ఆగలేదు. వరంగల్ జిల్లా బీటీ పత్తి రైతుల గోడు మీద 2003లో సినిమా తీశారు. మాచ్‌నూర్‌లో రేడియో స్టేషన్ కట్టుకుని లైసెన్సు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూశారు, అందాకా క్యాసెట్లలో రికార్డు చేసి సంఘాల్లో వినిపించారు. 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో గాల్లోకి వచ్చింది. మాట్లాడింది మా జిల్లా మాటే. సతీష్ గారు 2023 మార్చిలో కన్నుమూశారు. అహ్మదాబాద్ చుట్టూ తిరిగి మా జిల్లాకి వచ్చిన టీవీ నుంచి, మా జిల్లాలోనే పుట్టిన సినిమా దాకా ఆయన ప్రయాణం సాగింది.

తర్వాత సంగతి మీకూ తెలుసు. 2012లో వీ6 వచ్చి తీన్మార్ వార్తలతో తెలంగాణ మాటని స్టూడియో మధ్యలో కూర్చోబెట్టింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి మై విలేజ్ షో గంగవ్వని ఇంటింటికీ పరిచయం చేసింది. ఇప్పుడు ఫోనే కెమెరా, ఫోనే కంట్రోల్ రూమ్, ఫోనే ట్రాన్స్‌మిటర్. ఇక అందరికీ టాక్‌బ్యాక్ వచ్చేసినట్టే అనిపిస్తుంది.

వచ్చిందా? నాకు కొంచెం అనుమానమే. ఊరి ముసలమ్మ ముందు మైకు పెట్టి, ఆమె అమాయకత్వానికి నవ్వుకునే వీడియోలకి లక్షల్లో వ్యూస్ వస్తున్నాయి. యాస మాదే, పొలం మాదే, కెమెరా ఎత్తు మాత్రం పటేల్‌ది. మనం రాసే సాఫ్ట్‌వేర్ కూడా అంతే. "యూజర్‌కి ఇంతకంటే అర్థం కాదులే" అంటూ స్క్రీన్ డిజైన్ చేసినప్పుడల్లా మనం కాస్త ఎత్తులో కూర్చునే చూస్తున్నాం. రిక్వైర్‌మెంట్స్ రాసే టేబుల్ దగ్గర ఆ యూజర్ ఉన్నాడా లేడా అన్నదే తేడా. పస్తాపూర్ ఆడవాళ్ళు ఏ డిగ్రీ లేకుండా పట్టుకున్న విషయం ఇదే.

మీ ఇళ్ళలో 1975-76లో పంచాయతీ ఆఫీసు ముందో, బడి ముందో కూర్చుని ఆ జాలీ గొడుగు టీవీ చూసినవాళ్ళుంటే ఒకసారి అడగండి. ఏం చూశారని కాదు, చూసినవాళ్ళు ఏమనుకున్నారని. స్టూడియోలో ఏం జరిగిందో రికార్డుల్లో ఉంది. ఆ మాటలు వాళ్ళ దగ్గరే ఉన్నాయి, వాళ్ళకిప్పుడు డెబ్భై ఏళ్ళు దాటాయి.