ఎడారిలో అట్లాంటిక్ దాటిన ఇంజిను

అణుశక్తితో నడిచిన ప్రపంచపు తొలి జలాంతర్గామి ‘నాటిలస్’. అది సముద్రంలోకి బయలుదేరడానికి ఏడాదిన్నర ముందే, దాని ఇంజినుకు జోడీగా తయారైన మరో ఇంజిను ఒక మహాసముద్రమంత దూరం పరుగు పూర్తిచేసింది. అదీ చుక్క ఉప్పునీరు లేని చోట!

1953 జూన్ 25. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో ఆర్కో అనే చిన్న ఊరి దగ్గరి ఎడారి. అక్కడి ప్రభుత్వ రియాక్టర్ పరీక్షా కేంద్రంలో, ఒక పెద్ద షెడ్డు కింద జలాంతర్గామి ఉక్కు దేహంలోని ఒక భాగం నిలబడి ఉంది. లోపల రియాక్టర్, ఆవిరి పుట్టించే యంత్రాలు, టర్బైన్లు ఉన్నాయి. ఆ రోజు మొదలైన పరుగు నాలుగు రోజులపాటు సాగింది. దాన్ని ఆపనివ్వని మనిషి పేరు హైమన్ రికోవర్.

బ్యాటరీల బందీ

అంతకుముందు జలాంతర్గాములు ఎక్కువగా డీజిల్, విద్యుత్ జంటతో నడిచేవి. డీజిల్ మండాలంటే గాలి కావాలి కాబట్టి నీటి కింద బ్యాటరీలే దిక్కు. పూర్తి వేగంతో వెళితే అవి త్వరగా అయిపోతాయి, నెమ్మదిగా వెళితే శత్రునౌక చేజారిపోతుంది. ఛార్జింగ్ కోసం మళ్లీ పైకి రాక తప్పదు. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ అమర్చిన విమానాలు జర్మన్ జలాంతర్గాములను వెంటాడింది ఎక్కువగా ఆ వేళల్లోనే.

అణువిచ్ఛిత్తికి ఆక్సిజన్ అవసరం లేదు. అలాంటి వేడితో ఆవిరి పుట్టించగలిగితే జలాంతర్గామి వారాల తరబడి నీటి కిందే ఉండగలదు. పోలండ్‌లో యూదు కుటుంబంలో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరిన రికోవర్ నౌకాదళంలో ఎలక్ట్రికల్ ఇంజినీరు. ఈ ఆలోచనను యంత్రంగా మార్చే బాధ్యతను ఆయన తలకెత్తుకున్నారు.

మరగని నీరు

ఆయన బృందం, వెస్టింగ్‌హౌస్ సంస్థ ఇంజినీర్లు ఎంచుకున్న పద్ధతి ఇది. రియాక్టర్ గుండా నీటిని చాలా ఎక్కువ ఒత్తిడిలో తిప్పుతారు. ఆ ఒత్తిడి వల్ల నీరు బాగా వేడెక్కినా మరగదు. తన వేడిని వేరే గొట్టాల్లోని నీటికి అందిస్తుంది. ఆ రెండో నీరు ఆవిరై టర్బైన్‌ను తిప్పుతుంది. మొదటి నీటిలో రేడియోధార్మికత ఉంటుంది కాబట్టి పంపుల దగ్గర బొట్టు కూడా కారకూడదు. అందుకే మోటారునే మూసివున్న లోహపు తొడుగులో బిగించిన పంపులు తయారుచేశారు.

ఇంధనానికి కవచంగా జిర్కోనియం కావాలి. అది న్యూట్రాన్లను దాదాపు మింగదు, తుప్పును తట్టుకుంటుంది. అయితే ప్రకృతిలో దానితో కలిసి దొరికే హాఫ్నియం న్యూట్రాన్లను విపరీతంగా మింగుతుంది. రెంటినీ విడదీయడం పెద్ద పరిశ్రమే అయింది. విడదీసిన హాఫ్నియమూ వృథా కాలేదు. రియాక్టర్‌ను అదుపుచేసే రాడ్లకు అదే సరిపోయింది. మన అణువిద్యుత్ కేంద్రాల కోసం హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ నేడు చేస్తున్న పనుల్లో ఈ వేరుచేయడం కూడా ఒకటి.

ఇరుకులోనే పరీక్ష

నేలమీది ఈ నమూనా ఇంజినును ఎలా కట్టాలన్న దగ్గర అసలు వాదన వచ్చింది. యంత్రాలను విశాలమైన నేలమీద పరిస్తే చేయి పెట్టడం సులువు, మార్పులు సులువు. రికోవర్ ఒప్పుకోలేదు. జలాంతర్గామిలో ఎంత ఇరుకో నమూనాలోనూ అంతే ఇరుకు ఉండాలన్నారు. రియాక్టర్ ఉన్న భాగాన్ని సుమారు 50 అడుగుల వ్యాసం, 40 అడుగుల లోతున్న నీళ్ల ట్యాంకులో నిలిపారు. చుట్టూ ఉన్న నీటిని తాకి రేడియేషన్ వెనక్కి ఎంత చెదురుతుందో కొలిస్తేనే, నావికులను కాపాడే కవచం ఎంత మందం ఉండాలో తేలుతుంది. ప్రొపెల్లరు తిరగడానికి సముద్రం లేదు కాబట్టి షాఫ్టు శక్తిని నీటి బ్రేకుతో పీల్చుకున్నారు.

1953 మార్చి 30న రియాక్టర్‌లో తనంతట తాను సాగే గొలుసు చర్య మొదలైంది. మే 31న తొలిసారి చెప్పుకోదగ్గ శక్తి పుట్టింది. జూన్‌లో పూర్తి శక్తితో 48 గంటల పరీక్షకు సిద్ధమయ్యారు. 24 గంటలు గడిచేసరికి కావలసిన సమాచారం వచ్చేసిందని, ఇక ఆపుదామని అక్కడి బాధ్యులు అనుకున్నారు. రికోవర్ ఆపవద్దన్నారు. ఉత్తర అట్లాంటిక్ పటాలు తెప్పించి గోడకు తగిలించమన్నారు. కెనడాలోని నోవా స్కోషియా నుంచి ఐర్లాండ్ వైపు గీత గీసి, నౌక ఎంత దూరం వెళ్లి ఉండేదో గుర్తులు పెట్టించారు.

60 గంటలు దాటాక కష్టాలు మొదలయ్యాయి. బ్రష్షుల నుంచి రాలిన కార్బన్ పొడి జనరేటర్ల చుట్టల్లో పేరుకుంది. రియాక్టర్‌ను కొలిచే పరికరాలు తప్పుడు అంకెలు చూపాయి. ఒక పంపు వింతగా ఊళపెట్టింది. తర్వాత కండెన్సర్‌లో ఒక గొట్టం పాడై ఆవిరి ఒత్తిడి పడిపోయింది. ఆపేద్దామన్న ఒత్తిడి పెరిగింది. యంత్రంలో బలహీనత ఉంటే అది ఇప్పుడే, ఇక్కడే బయటపడాలన్నది రికోవర్ పట్టు. చివరికి పటం మీది గుర్తు ఐర్లాండ్ దక్షిణ కొసన ఉన్న ఫాస్ట్‌నెట్ దీవిని చేరింది.

పరీక్షకు అందని లోపం

ఆ విజయం అన్ని ప్రమాదాలనూ తొలగించలేదు. 1954 సెప్టెంబరులో, అమెరికాలోని గ్రోటన్ నౌకాశ్రయంలో కట్టివున్న నాటిలస్‌లో ఒక చిన్న ఆవిరి గొట్టం పగిలింది. అతుకులేని గొట్టం ఉండాల్సిన చోట నాసిరకం అతుకు గొట్టం బిగించారని దర్యాప్తులో తేలింది. ఇంకెక్కడ అలాంటివి ఉన్నాయో నమ్మకంగా చెప్పే రికార్డులు లేవు. ఆ తరహా గొట్టాలన్నీ పీకించి కొత్తవి వేయించారు. నమూనా ఎంత గొప్పదైనా, నౌకలో బిగించే ప్రతి ముక్క పుట్టుపూర్వోత్తరాలు తెలియకపోతే ఆ పరీక్షకు విలువ లేదని ఈ సంఘటన నేర్పింది.

1955 జనవరి 17న నాటిలస్ అణుశక్తితో బయలుదేరింది. ఆ ఏడాదే అమెరికాలోని న్యూ లండన్ నుంచి ప్యూర్టోరికో వరకు 1,300 మైళ్లకు పైగా, నాలుగు రోజులు నిండకముందే, పైకి తేలకుండా వెళ్లింది. 1958 ఆగస్టు 3న మంచు కింద ఉత్తర ధ్రువాన్ని దాటింది. ఐడహో నమూనా మాత్రం అక్కడే ఉండి 1989 దాకా వేలమంది నావికులకు శిక్షణ ఇచ్చింది. నేడు ప్రపంచంలోని అణువిద్యుత్ రియాక్టర్లలో ఎక్కువ భాగం ఆ ఒత్తిడి నీటి పద్ధతిలోనే నడుస్తున్నాయి.

కల్పాక్కం నుంచి విశాఖకు

మన దేశమూ ఈ దారినే నడిచింది. తమిళనాడులోని కల్పాక్కంలో నేలమీద నమూనా రియాక్టర్‌ను నడిపి చూశాకే, 2009 జులై 26న విశాఖపట్నంలో అణు జలాంతర్గామి ‘అరిహంత్’ జలప్రవేశం చేసింది. అందులోని రియాక్టర్ 2013 ఆగస్టులో పనిచేయడం మొదలుపెట్టింది. నౌక 2016లో సేవలోకి వచ్చింది. ఆలస్యమైందని విమర్శించేవారు ఒకటి గమనించాలి. నేలమీద గొట్టం పగిలితే మరమ్మతు ఉంటుంది. వందల అడుగుల లోతున పగిలితే ఆ అవకాశం ఉండకపోవచ్చు. జలప్రవేశం రోజున కొబ్బరికాయ కొట్టే చేతులను దేశం చూస్తుంది. ఏళ్ల తరబడి షెడ్డుల్లో యంత్రాన్ని అలసిపోయేదాకా తిప్పి, దాని లోపాలు రాసిపెట్టిన చేతులకు కూడా అంతే గౌరవం దక్కాలి. జలాంతర్గామిలోకి దిగే ప్రతి నావికుడు తన ప్రాణం అప్పగించేది వాళ్లకే.