పాత ప్లిమత్ కారు, మన పాత సాంచా



పోయిన సంఘం మీటింగులో మన పిల్లలు ఫోన్లో ఒక కారు ఫోటో చూపించారు. 1950 ప్రాంతపు అమెరికా ప్లిమత్, అమ్మకానికి ఉంది. పైన కొత్త రంగు మెరిసిపోతోంది. లోపల డీజిల్ ఇంజను, పవర్ స్టీరింగు, ఏసీ. మార్కండేయ మహాముని ఊరేగింపులో ముందు నడిపిద్దాం, సంఘం నిధిలోంచి కొందాం అన్నారు. కొందరు సరే అన్నారు, కొందరు తల పట్టుకున్నారు. నిర్ణయం వచ్చే మీటింగుకు వాయిదా పడింది. ఆలోపు అందరికీ తెలియాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి గనుక రాస్తున్నాం. కాస్త పొడుగైనా ఓపికగా చదవండి.

అమెరికా కారు అంటే ఓడలో అలాగే దిగిందని చాలామంది అనుకుంటారు. అన్నీ అలా రాలేదు. 1928లోనే జనరల్ మోటార్స్ వాళ్లు బొంబాయి శివ్డీలో షెవ్రోలే బండ్లు బిగించడం మొదలుపెట్టారు. భాగాలు పెట్టెల్లో వచ్చేవి, ఇక్కడి కార్మికులు కూర్చేవారు. ఆ తర్వాత వాల్‌చంద్ హీరాచంద్ గారు అమెరికా క్రైస్లర్ కంపెనీతో ఒప్పందం చేసుకుని 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చిన 1947లో కుర్లా ఫ్యాక్టరీ నుంచి డాడ్జ్, ప్లిమత్, డిసోటో బండ్లు బయటికి వచ్చాయి. పేర్లు మూడు, తల్లి ఒకటే. కాబట్టి ఫోటోలోని బండి కుర్లాలో కూర్చినదే కావచ్చు. కల్యాణ్‌లో లోకల్ ఎక్కితే దిగే కుర్లాయే!

1953లో టారిఫ్ కమిషన్ ఒక మాట తేల్చి చెప్పింది. ఇక్కడే తయారుచేసే పథకం ఉన్నవాళ్లే ఉండాలి, భాగాలు తెచ్చి బిగించి అమ్మడం ఇక కుదరదు అని. 1954 నాటికి జనరల్ మోటార్స్, ఫోర్డు రెండూ ఇక్కడ పని ఆపేశాయి. ప్రీమియర్ చిన్న ఫియట్ వైపు తిరిగింది. ఇక పెద్ద కార్లున్నవాళ్లు ఉన్నవాటినే దశాబ్దాలు నడుపుకోవాల్సి వచ్చింది.

ఆ కాలపు ప్లిమత్‌లో ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను ఉండేది. సుమారు మూడున్నర లీటర్లది. కరెంటు 6 వోల్టులు. 1973లో అరబ్బు దేశాలు చమురు బిగబట్టాక పెట్రోలు ధర మండిపోయింది. బొంబాయిలో చాలామంది ఆ పెద్ద కార్లకు డీజిల్ ఇంజన్లు ఎక్కించి బతికించుకున్నారు. అంటే ఇంజను మార్పు మోసం కాదు, అదీ ఈ ఊళ్ల చరిత్రే.

మన సాంచాల కథ చూడండి. 1930లలో భివండీకి సాంచాలు వచ్చాయి. వాటిలో చాలామటుకు బొంబాయి మిల్లులు తీసేసిన పాతవే. కరీంనగర్, నల్గొండ, వరంగల్ నుంచి వచ్చిన మనవాళ్లు వాటి ముందు నిలబడి జీవితాలు గడిపారు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మిల్లుల సమ్మె మొదలయ్యాక మిల్లుల పని చాలావరకు ఇటు మళ్లింది. మోటార్లు మార్చాం, నాడెలు మార్చాం. 2017 ఏప్రిల్ 1న కేంద్రం పవర్‌టెక్స్ పథకాన్ని మన భివండీలోనే ప్రారంభించింది. దారం తెగితే సాంచా తానే ఆగే పరికరాలు బిగించడం అందులో ఒక భాగం. ఇది అసలు సాంచాయేనా అని ఎవరూ అడగలేదు. గుడ్డ నేస్తుందా అనే అడిగారు.

కారు సంగతి వేరు. 2021లో కేంద్రం పాత బండ్లకు వింటేజ్ నిబంధన తెచ్చింది. 50 ఏళ్లు దాటాలి, అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పు జరగకూడదు. అలాంటి బండికి నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు. దాన్ని కూడా రోజువారీ పనికో, బాడుగకో తిప్పకూడదు. డీజిల్ ఇంజను ఎక్కించిన ఈ ప్లిమత్ ఆ వరుసలోకి రావడం కష్టం. మామూలు బండిగా ఉంచుకోవాలన్నా ఇంజను మార్పు ఆర్‌సీ పుస్తకంలో ఎక్కి ఉండాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్పేది ఇదే. ముందు ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిచూడండి, తర్వాత రంగు చూడండి. జీవితమంతా రైల్వే కాగితాలు చూసినవాళ్లం, కాగితం సరిగా లేని బండి ఎంత మెరిసినా కదలదని తెలుసు.

మా మాట ఇది. సంఘం నిధి పిల్లల ఫీజుల కోసం పోగైన డబ్బు. ఊరేగింపు ఒక్క రోజు, ఫీజు ఏడాదంతా. కారు కావాలంటే ఇష్టమున్నవాళ్లు తలా కొంత వేసుకుని కొనండి, మా వంతు మేమూ ఇస్తాం. కానీ ఇంకో కోరిక. పాత నాడె సాంచాలు ఇప్పుడు కిలోల లెక్కన పాత ఇనుము కొట్టుకు పోతున్నాయి. వాటిలో ఒకటి కొని, నూనె వేసి, నడిచేలా చేసి సంఘం హాల్లో పెడదాం. దానికి కారు ఖర్చులో చిన్న వంతు చాలు. మన మనవలు ప్లిమత్‌ను ఎక్కడైనా చూడగలరు. తాతలు నడిపిన సాంచా చప్పుడు మనం దాచకపోతే వాళ్లకు ఎక్కడా వినిపించదు.

మీటింగుకు తప్పక రండి. మీ అభిప్రాయం చెప్పండి.

జై మార్కండేయ.