ఇంటింటి నర్సు నేర్చిన చదువు

ఆస్పత్రి వార్డులో రోగి నర్సు ఏలుబడిలో ఉండును. మంచము ఆమె చెప్పినచోట ఉండును. కిటికీ ఆమె తెరవుమన్నపుడు తెరువబడును. మందు, పాలు, నిద్ర అన్నియు వేళకు జరుగును. అదే నర్సు ఒక పేదయింటికి పోయినపుడు అచట ఆమె చుట్టపుచూపుగా వచ్చిన మనిషి మాత్రమే. పెత్తనము అత్తగారిది. కిటికీ ఉండనే ఉండకపోవచ్చును. మందు సంగతి అటుంచి, కాచిన నీరు ఉన్నదా, ఆ నీరు ఏ బావినుండి వచ్చినది అని ముందు విచారింపవలెను. ఈ రెండు తావులలో పనిచేయు మనిషికి ఒకే చదువు చాలునా? ప్రజారోగ్య నర్సుల శిక్షణ చరిత్ర చాలవరకు ఈ ప్రశ్న చుట్టును తిరిగినది.

1859లో లివర్‌పూల్ నగరమున విలియం రాత్‌బోన్ అను వర్తకుని భార్య మరణించెను. ఆమె తుదిజబ్బులో పరిచర్య చేసిన మేరీ రాబిన్సన్ అను నర్సును ఆయన పంపివేయలేదు. కలవారి యింట ఇంత శుశ్రూష జరిగియు ఇంత బాధ తప్పనపుడు ఏ ఆదరువును లేని పేదల గతి యేమని తలపోసి, మూడు నెలలపాటు జీతమిచ్చి ఆమెను ఒక పేదవాడకు పంపెను. నెల గడచునప్పటికి ఆమె కంటనీరు పెట్టుకొనుచు వచ్చి, ఆ దైన్యము చూడజాలనని, తన్ను విడిచిపెట్టుమని వేడుకొనెను. గడువు ముగియువరకైన ఉండుమని ఆయన నచ్చజెప్పెను. మూడు నెలలు నిండునప్పటికి ఆమెకే ఆ పనిపై నమ్మకము కుదిరెను. మేరీ రాబిన్సన్ అసమర్థురాలు కాదు. ఆమె నేర్చిన చదువులో ఆ వాడ లేదు, అంతే.

ఇట్టి నర్సులు మరికొందరు కావలెనని రాత్‌బోన్ వెదకగా తగినవారు దొరకరైరి. ఫ్లోరెన్స్ నైటింగేల్‌ను సలహా యడుగగా, కావలసినవారిని మీరే తయారుచేసికొనుడని ఆమె చెప్పెను. లివర్‌పూల్ రాయల్ ఇన్‌ఫర్మరీకి అనుబంధముగా 1862లో శిక్షణశాల అట్లు వెలసెను.

నైటింగేల్ పేరు వినగానే మనకు క్రిమియా యుద్ధమును, చేతి దీపమును జ్ఞప్తికి వచ్చును. ముదిమిలో ఆమె తలపెట్టిన పనిని మాత్రము చాలమంది యెరుగరు. రోగికి చేయు పరిచర్య వేరు, రోగము రాకుండ ఇంటిని కాపాడు విద్య వేరు అని ఆమె విడదీసి చెప్పెను. 1892లో, డెబ్బదిరెండేండ్ల ప్రాయమున, ఫ్రెడరిక్ వెర్నీ అను బంధువు తోడ్పాటుతో బకింగ్‌హాంషైర్ ప్రాంతపు పల్లెలకై ఆరోగ్యబోధ చేయు స్త్రీలకు శిక్షణ యిప్పించెను. ఒక వైద్యుడు వారికి పాఠములు చెప్పి, అంతటితో విడువక, పల్లెయిండ్లకు వెంటబెట్టుకొని పోయి చూపెను. గాలి సోకని గది, పసిపాప పక్క, పెరటి మురుగు, ఇట్టివియే అచటి పాఠ్యపుస్తకములు. తల్లులను కూర్చుండబెట్టి ఉపన్యసించుట కాదు, వారితో మాటలాడుట నేర్వవలెనని నైటింగేల్ పట్టు. నిజమే గదా! తనిఖీ అధికారివలె పోయినవారికి ఏ తల్లియు ఉన్నదున్నట్లు చెప్పదు. భారతదేశమున ఎన్నడును అడుగుపెట్టని ఆ వృద్ధురాలు 1896లో మన పల్లెలకును ఇట్టివారే కావలెనని వ్యాసము వ్రాసెను. మన పల్లెలు అందుకు చాలకాలము వేచియుండవలసి వచ్చెను.

ఈలోపున అమెరికాలో లిలియన్ వాల్డ్ అను నర్సు ఇదే పాఠమును వేరొక త్రోవన నేర్చెను. న్యూయార్కు నగరపు తూర్పుభాగమున, పరదేశములనుండి వలసవచ్చిన స్త్రీలకు గృహపరిచర్యనుగూర్చి ఆమె పాఠములు చెప్పుచుండెను. 1893లో ఒకనాడు ఒక చిన్నపిల్ల ఆ తరగతికి వచ్చి, తన తల్లికి జబ్బుగానున్నదని పిలుచుకొనిపోయెను. బాలింత నెత్తురు మడుగులో పడియుండెను. ఏడుగురు కుటుంబసభ్యులును, వారికి తోడు అద్దెకున్నవారును ఆ రెండు గదులలోనే కాపురముండిరి. పరుపు దులిపి పరచుట ఎట్లో నల్లబల్లపై బోధించిన చదువునకు ఆ యింటితో పొత్తు లేదు. వాల్డ్ తరగతి మాని, మేరీ బ్రూస్టర్ అను సహచరితో ఆ వాడలోనే కాపురము పెట్టెను. తరువాత హెన్రీ స్ట్రీట్ సెటిల్‌మెంట్ అని ప్రఖ్యాతిగాంచిన సంస్థకు అది మొదలు. ‘ప్రజారోగ్య నర్సు’ అను పేరు వ్యాప్తిలోనికి తెచ్చినది ఆమెయే.

ఆ నర్సులు చేసిన పని యెట్టిదో తెలియుటకు ఒక్క ఉదాహరణము చాలును. నాడు న్యూయార్కు బడులలో వైద్యులు పిల్లలను పరీక్షించి, కండ్లకలక, గజ్జి, పేలు మొదలగునవి కనబడినచో ఇంటికి పంపివేయుచుండిరి. పంపుటయే గాని చికిత్స లేదు. పిల్లలు వీధులలో తిరుగుచుండిరి. 1902 అక్టోబరులో వాల్డ్ తన నర్సు లైనా రోజర్స్‌ను ఒక నెలపాటు నాలుగు బడులకు ఇచ్చెను. ఆమె బడిలోనే పుండ్లు కడిగి కట్టు కట్టి, సాయంకాలము ఇండ్లకు పోయి తల్లులకు చేయదగినది చూపెను. పురపాలకులు మెచ్చి మరికొందరు నర్సులను నియమించిరి. 1902 సెప్టెంబరులో బడులనుండి పంపివేయబడినవారు 10,567 మంది. మరుసటి సెప్టెంబరులో 1,101 మంది. మందులు కొత్తవి కావు. మందును ఇంటివరకు మోసికొనిపోవు మనిషి కొత్తది.

ఇట్టి పనికి విడిగా చదువుండవలెనని 1910లో కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కళాశాల ఒక శాఖ తెరచెను. విద్యార్థినులకు హెన్రీ స్ట్రీట్ వాడలే అభ్యాసక్షేత్రము. 1919లో రాక్‌ఫెలర్ ఫౌండేషన్ వారు ప్రజారోగ్య నర్సుల శిక్షణను విచారించుటకై సంఘమును వేసిరి. విచారణ సాగినకొలది, లోపము పై చదువులో కంటె మొదటి ఆస్పత్రి చదువులోనే ఉన్నదని వారికి తోచెను. ఆస్పత్రులు విద్యార్థినులను చదివించుటకు కాక చౌకగా పని చేయించుకొనుటకే చేర్చుకొనుచుండెను. 1923లో వెలువడిన ఆ నివేదిక, ఆస్పత్రి చదువును 28 నెలలకు కుదించి, ఆపైన ప్రజారోగ్యమునకు ప్రత్యేక శిక్షణ యిమ్మని చెప్పెను. అదే యేడు యేల్ విశ్వవిద్యాలయమున నర్సుల కళాశాల వెలసెను. దానికి తొలి డీన్ అయిన ఆనీ గుడ్రిచ్ హెన్రీ స్ట్రీట్ నర్సులను నడపిన ఆమెయే.

ఇక మన దేశము. ఇచట పురిటింటి విద్య యావత్తు మంత్రసాని చేతిలోనుండెను. ఆమెను తీసివేయుట సాధ్యము కాదు, ఉన్నదున్నట్లు విడుచుటయు క్షేమము కాదు. లేడీ కర్జన్ పూనికతో ఏర్పడిన విక్టోరియా స్మారకనిధి మంత్రసానులకు శుభ్రమైన పద్ధతులు నేర్పుటకు యత్నించెను. వారికి నేర్పి, వారి పనిని కనిపెట్టియుండుటకు చదివిన స్త్రీలు కావలసివచ్చిరి. అందుకై 1918లో ఢిల్లీలో హెల్తు విజిటర్ల పాఠశాల నెలకొల్పబడెను. తరువాత దానికి లేడీ రీడింగు పేరు వచ్చెను. మంచి పనియే, కాని సముద్రములో కాకిరెట్ట. 1946లో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన సమర్పింపబడిన నివేదిక లెక్కలు చూడుడు: 43,000 మందికి ఒక నర్సు, 60,000 మందికి ఒక మంత్రసాని చదువు చదివిన మిడ్‌వైఫు, నాలుగు లక్షల మందికి ఒక్క హెల్తు విజిటరు! నర్సు చదువును, పురుటి విద్యను పూర్తిచేసి, ఆపైన ప్రజారోగ్యము నేర్చినవారే పల్లెలకు పోవలెనని ఆ సంఘము కోరెను.

కోరిక గొప్పది, చేతిలోని జనము కొద్ది. అందుచే 1950 తరువాత హైస్కూలు చదువు ముగియని బాలికలకు రెండేండ్ల శిక్షణ యిచ్చి, ఎ.ఎన్.ఎం.లుగా పంపిరి. ఆనాటి పరిస్థితిలో అంతకంటె వేరుదారి లేదనియే నా అభిప్రాయము. ఐనను ఆ రెండేండ్లలో ఎక్కువభాగము ఆస్పత్రి పురుటి వార్డులలోనే గడచుట లోపము. 1973లో కర్తార్ సింగ్ సంఘము సూచించిన పిమ్మట ఎ.ఎన్.ఎం. బహుళార్థ ఆరోగ్యకార్యకర్త్రి అయ్యెను. 1977లో మెట్రిక్యులేషను ప్రవేశార్హతగా 18 నెలల పాఠ్యక్రమము వచ్చెను. టీకాలు, కుటుంబనియంత్రణ, మలేరియా, లెక్కల పుస్తకములు అన్నియు ఆమె సంచిలోనే చేరెను. మైదానమున 5,000 మందికి, కొండప్రాంతమున 3,000 మందికి ఒక ఉపకేంద్రము అను ప్రమాణము ఏర్పడెను.

2018 తరువాత మన తెలుగునాటను, ఇతర రాష్ట్రములందును ఉపకేంద్రములకు బి.ఎస్సీ. చదివిన నర్సులను పంపసాగిరి. నాలుగేండ్లు కళాశాలలో చదివిన వారికి, పల్లెకు పోవుటకు ముందు, ప్రజారోగ్యమున మరి ఆరు నెలల శిక్షణ ఇయ్యవలసి వచ్చెను. ఆ పాఠములను పిదప బి.ఎస్సీ. చదువులోనే చేర్చిరి.